అవ్వ ఇచ్చిన వెండి డాలర్ మీద ఇద్దరు దేవుళ్ళు, మధ్యలో కుక్క. ఇది రోమన్ నాణెమా?

కోనేటికట్ట

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లోనే ఉంటాం. ఇక్కడ మీరు రాసేవన్నీ చాలా రోజులుగా చదువుతున్నాను గానీ నేనేదైనా అడగడం ఇదే మొదలు.

మా అవ్వ, అంటే మా అమ్మ వాళ్ళమ్మ, పోయి రెండేళ్ళయింది. ఆమె దగ్గర ఒక వెండి డాలర్ ఉండేది. ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా మూడో నెలలో నల్లదారానికి ఆ డాలర్ గుచ్చి మెడలో కట్టేది, నాలుగైదేళ్ళు వచ్చేదాకా తీయనిచ్చేది కాదు. నేనూ వేసుకున్నాను, మా తమ్ముడూ వేసుకున్నాడు, మా పిన్ని పిల్లలు ముగ్గురూ వేసుకున్నారు. పోయిన నెల మా పాపకి కొండమీద పుట్టువెంట్రుకలు తీయించాం. ఆ రోజు మా అమ్మ ట్రంకుపెట్టెలోంచి డాలర్ తీసి, విభూతి పెట్టి తళతళా తోమి, పాప మెడలో కట్టింది. అవ్వ ఎప్పుడూ ఒకటే చెప్పేది: "వీళ్ళు జయవిజయులు, వాకిట్లో కాపలా ఉంటారు, వీళ్ళుండగా బిడ్డ జోలికి ఏదీ రాదు."

ఇప్పుడు అసలు సంగతి. మా తమ్ముడు మొన్న దాన్ని ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసి చూశాడు. ఒక వైపు ఇద్దరు మగవాళ్ళు పక్కపక్కన కూర్చుని ఉన్నారు, ఇద్దరి చేతుల్లో పొడుగాటి కర్రలు. ఇద్దరి మధ్య ఒక కుక్క కూర్చుని ఉంది. వాళ్ళ తలల పైన ఇంకో చిన్న తల, దాని భుజం దగ్గర పట్టకారు లాంటిది. కింద ఇంగ్లీషు అక్షరాలు, ఎల్, కాస్త ఎడంగా సి, ఏ, ఈ, ఎస్, ఐ. రెండో వైపు ఒక కుర్రవాడు మనకి వీపు పెట్టి తల పక్కకి తిప్పుకుని చేత్తో ఏదో విసురుతున్నట్టు ఉన్నాడు. జయవిజయులకి కుక్క ఎక్కడిది? పైగా ఇంగ్లీషు అక్షరాలెందుకు? తమ్ముడు ఆ ఫోటో పెట్టి నెట్‌లో వెతికితే రోమన్ వెండి నాణెం, రెండు వేల ఏళ్ళ నాటిది అని వచ్చింది. అప్పటినుంచి ఇంట్లో ఒకటే టెన్షన్. వాడేమో లక్షలు చేస్తుంది బ్యాంకు లాకర్లో పెట్టాలంటాడు, అమ్మేమో మా అమ్మ బిడ్డల కోసం ఇచ్చింది, లాకర్లో పెడితే కాపలా ఎవరికి అంటుంది.

నాకు మూడు విషయాలు తెలియాలి. ఆ దేవుళ్ళెవరు? ఇది అసలుదా, నకలా? పాప మెడలో ఉంచొచ్చా? రెండు రోజులుగా డాలర్ తగిలే చోట చర్మం కొంచెం ఎర్రగా కందింది, నల్లదారం రాపిడి అనుకుంటున్నాం. ఇంకో మాట, కుక్క బొమ్మ ఒక్కటే బాగా అరిగిపోయి నున్నగా ఉంది, మిగతావి బానే కనిపిస్తున్నాయి. మా తాత రైల్వేలో పనిచేసేటప్పుడు మద్రాసు మూర్ మార్కెట్లో కొన్నాడని అమ్మకి లీలగా గుర్తు.

బొమ్మాబొరుసు

అమ్మా, ముందు ఒక పని చేయండి, దాన్ని ఇంక విభూతితో గానీ చింతపండుతో గానీ టూత్‌పేస్ట్‌తో గానీ తోమొద్దు. పాత వెండి మీద పట్టే నలుపు మురికి కాదు, అది దాని వయసు. మాది చిత్తూరు, ఇరవై ఏళ్ళుగా పాత నాణేలు పోగు చేస్తున్నాను, నా దగ్గరికి వచ్చిన మంచి నాణేల్లో సగం ఇలా తోమి పాడుచేసినవే.

మీరు చెప్పిన గుర్తులు చదువుతుంటే నాకు ఒళ్ళు పులకరించింది, ఎందుకంటే ఈ బొమ్మ వేరే దేంతోనూ పొరపడేది కాదు. ఇది లూషియస్ సీసియస్ అనే అతను రోమ్‌లో క్రీ.పూ. 112-111 ప్రాంతంలో వేయించిన డినేరియస్ అనే వెండి నాణెం నమూనా. మీరు చదివిన ఎల్, సి, ఏ, ఈ, ఎస్, ఐ అతని పేరే. అప్పట్లో రోమ్‌లో ఏటా ముగ్గురు కుర్ర అధికారులకి టంకశాల బాధ్యత అప్పగించేవారు, వాళ్ళు తమ పేరు వేసుకుని, తమ కుటుంబానికో ఊరికో ఇష్టమైన దేవుణ్ణి నాణెం మీదికి ఎక్కించేవారు. ఈ సీసియస్ గురించి చరిత్రలో ఇంకెక్కడా చెప్పుకోదగ్గ ముక్క లేదు, ఈ నాణెమే అతన్ని బతికించింది.

కూర్చున్న ఇద్దరి పేరు లారెస్ ప్రేస్టిటెస్. ప్రేస్టిటెస్ అంటే ముందు నిలబడి కాచేవాళ్ళని అర్థం. బొమ్మకి రెండు పక్కలా చిన్నగా, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిపేసి వేసిన గుర్తులు ఉండాలి, లా అని ఒకవైపు, ప్రే అని ఇంకోవైపు, ఆ పేరుకి పొట్టి రూపం. భూతద్దంతో చూడండి. లారెస్ అంటే రోమన్ల ఇంటి కాపలా దేవుళ్ళు. ఇంటికి ఇంటి లారెస్, వీధి కూడలికి కూడలి లారెస్, మొత్తం రోమ్ నగరానికి ఈ ప్రేస్టిటెస్. వీళ్ళ పండగ మే నెల ఒకటో తేదీన. పైన ఉన్న చిన్న తల వల్కన్, కొలిమి దేవుడు, భుజం మీద ఉన్నది నిజంగానే పట్టకారు. వెనక్కి తిరిగి విసురుతున్న కుర్రవాడి గురించి మాత్రం పండితుల్లో రెండు మాటలున్నాయి, కొందరు అపోలో అంటారు, కొందరు వీజోవిస్ అనే పాత దేవుడు అంటారు. చేతిలో ఉన్నది పిడుగు కాబట్టి నేను వీజోవిస్ వైపే.

ఇక కుక్క. దీని గురించి చెప్పకపోతే నిద్ర పట్టదు. ఓవిడ్ అనే రోమన్ కవి ఆ లారెస్ విగ్రహాల కోసం వెతుక్కుంటూ వెళ్ళాడట, అప్పటికే అవి కాలానికి శిథిలమైపోయాయి. వాళ్ళ పాదాల దగ్గర అదే రాతితో చెక్కిన కుక్క ఉండేదని రాసి, ఎందుకుండేదో తనే జవాబు చెప్పాడు. ఇద్దరూ ఇంటిని కాస్తారు, ఇద్దరికీ యజమాని మీద విశ్వాసం, కూడలి ఆ దేవుడికీ ఇష్టం కుక్కకీ ఇష్టం, దొంగని ఇద్దరూ తరుముతారు, రాత్రంతా ఇద్దరికీ నిద్ర ఉండదు. ఆ నాణెం మీద ఉన్నది ఈ కుక్కే.

మీ అవ్వకి లాటిన్ అక్షరం ఒక్కటి తెలిసి ఉండదు. కానీ ఇద్దరు కూర్చున్నారు, చేతిలో కర్రలున్నాయి, వీళ్ళు కాపలా వాళ్ళు అని చెప్పేసింది. పేరు మారిందేమో గానీ ఆమె చదివింది తప్పు కాదు. బంగారు వాకిలికి రెండు పక్కలా జయవిజయుల్ని చూసిన కళ్ళకి ఇంకెలా తోస్తుంది?

అసలుదా నకలా అన్నది ఫోటో చూసి చెప్పను. ఈ నమూనాకి నకళ్ళు చాలా ఉన్నాయి. బరువు చెప్పండి, అంచు ఫోటో పెట్టండి.

గీటురాయి

అక్కా, మాది మూడు తరాలుగా కంసాలి పని, తిరుపతిలోనే. దేవుళ్ళ సంగతి పై అన్న చెప్పారు, నేను లోహం సంగతి చెబుతాను.

మొదట అంచు చూడండి. డాలర్‌ని నిలబెట్టి చుట్టూ నెమ్మదిగా తిప్పుతూ వెలుతురులో చూస్తే, అంచు మధ్యలో సన్నగా వెంట్రుకంత గీత చుట్టూ తిరిగి కనిపిస్తే అది రెండు అచ్చు పలకల మధ్య పోతపోసింది. ఆ గీతని ఆకురాయితో అరగదీసి ఉంటే అడ్డంగా సన్న గీకుళ్ళు కనిపిస్తాయి, అదీ అంతే. అసలు నాణేలు పోతపోయలేదు, వేడి చేసిన వెండి బిళ్ళని రెండు ముద్రల మధ్య పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ కొట్టారు. ఆ దెబ్బకి లోహం బయటికి పరుగెత్తుతుంది కాబట్టి అంచులు కొంచెం చిట్లి, గుండ్రం సరిగా లేక, బొమ్మ ఒక పక్కకి జరిగి ఉండొచ్చు. గుండ్రంగా అచ్చు గుద్దినట్టు చక్కగా ఉంటే నాకు అనుమానం ఎక్కువ.

రెండోది, రింగు మాటు పెట్టిన చోటు. మాటు పెట్టడానికి కాల్చినప్పుడు మేలు వెండి ఒకలా రంగు తిరుగుతుంది, కలగలుపు లోహం ఒకలా. ఎవరైనా పాత ఆచారికి చూపించండి, చెయ్యి పెట్టకుండానే సగం చెప్పేస్తారు. గీటురాయి మీద గీయమని మాత్రం చెప్పకండి, అసలుదైతే ఆ గీటు ఎప్పటికీ పోదు.

మూడోది నీళ్ళలో తూకం, దీనికి గీటు అక్కర్లేదు. గాల్లో తూచి, తర్వాత సన్న దారానికి కట్టి నీళ్ళలో ముంచి తూచాలి. రెండింటికీ తేడా ఎంతొస్తే దాంతో మొదటి తూకాన్ని భాగించండి. మేలు వెండికి పదిన్నర దగ్గర రావాలి, ఖచ్చితంగా చెప్పాలంటే 10.49. రాగి కలిసే కొద్దీ తగ్గుతుంది. ఎనిమిదిన్నర, ఎనిమిది ముప్పావు అలా వస్తే జర్మన్ సిల్వర్ అనుకోవాలి, అందులో పేరుకే వెండి, ఉన్నది రాగి, నికెల్, జింక్. నీళ్ళలో ముంచినప్పుడు బొమ్మకి గాలి బుడగలు అంటుకోకుండా బ్రష్‌తో తుడవండి, ఒక్క బుడగ ఉన్నా లెక్క తప్పుతుంది.

పాప మెడ కందింది అన్నారే, అది చదివి ముందు రాయాలనుకున్నది ఇదే, నికెల్ పడని పిల్లలకి అచ్చం అలాగే కందుతుంది. తేలేదాకా తీసేయండి అక్కా.

పుత్తూరు అక్క

నాకు నాణేల గురించి తెలియదు గానీ చిన్నబిడ్డ మెడలో దారం, దానికి బిళ్ళ, నిద్రలో బిగుసుకుంటే ప్రమాదం, నోట్లో పెట్టుకున్నా ప్రమాదమే. మా వాడికి కట్టినప్పుడు డాక్టరమ్మ గట్టిగా చివాట్లు పెట్టింది. ఊయల పైన కట్టండి, చూపు తగిలే చోట, కాపలా అక్కడినుంచి కూడా కాస్తారు.

బొమ్మాబొరుసు గారూ, ఇంత రాశారు కదా, ఆ రోమ్ వాళ్ళ డబ్బుల మీద ఆడదేవుళ్ళు కాపలా కాసేవాళ్ళు లేరా? మాకు ఊరిని కాచేదంతా అమ్మవారే, గంగమ్మ జాతర కూడా మే నెలలోనే వస్తుంది.

బొమ్మాబొరుసు

ఉంది తల్లీ, నాకు అన్నింటికంటే ఇష్టమైన నాణెం ఆమెదే. జూనో సోస్పిటా. సోస్పిటా అంటే రక్షించేది. రోమ్ దగ్గర లానూవియమ్ అనే ఊళ్ళో ఆమె గుడి ఉండేది. క్రీ.పూ. 105లో లూషియస్ థోరియస్ బాల్బస్ అనే అతను వేయించిన డినేరియస్ మీద ఆమె ముఖం చూస్తే ఒక్క క్షణం ఆగిపోతారు. తల మీద మేకతోలు కప్పుకుని ఉంటుంది, మేక కొమ్ములతో సహా. వెనక నాలుగు అక్షరాలు, వాటికి అర్థం రక్షించే జూనో, తల్లి, రాణి అని. మాకు గంగమ్మ తల్లి అన్నట్టే. రెండో వైపు కొమ్ములు దించి దూకుతున్న ఎద్దు. నిజం చెప్పాలంటే రోమన్ నాణేల మీద ఎద్దుని ఇంతకంటే బాగా చెక్కిన చెయ్యి నేను చూడలేదు.

ఇంకొకటి, రోసియస్ ఫాబటస్ అనే అతనిది, క్రీ.పూ. 64 ప్రాంతం. బొమ్మ వైపు అదే మేకతోలు అమ్మవారు, బొరుసు వైపు ఒక ఆడపిల్ల నిలబడి పడగెత్తిన పాముకి తిండి పెడుతూ ఉంటుంది. లానూవియమ్ గుడి దగ్గర గుహలో ఒక పాము ఉండేదట, ఏడాదికోసారి ఆడపిల్లలు దానికి బార్లీ రొట్టె తీసుకెళ్ళేవారు, పాము తింటే ఆ ఏడు పంటలు బాగా పండుతాయని రైతులు సంబరపడేవారు. నాగులచవితి నాడు పుట్ట దగ్గర పాలు పోసి చలిమిడి పెట్టే మనకి ఈ బొమ్మ వివరించి చెప్పక్కర్లేదు. ఈ నాణెం అంచు రంపప్పళ్ళలా కోసి ఉంటుంది, లోపల రాగి పెట్టి పైన వెండి పూసే మోసగాళ్ళకి పని కష్టం చేయడానికి అంటారు గానీ, పళ్ళున్న వాటికి కూడా దొంగవి దొరికాయి.

జంట దేవుళ్ళ గురించి కూడా ఒక మాట. డినేరియస్ అనే వెండి నాణెమే పుట్టింది క్రీ.పూ. 211 ప్రాంతంలో, కార్తేజ్ సేనాని హానిబాల్ ఇటలీ లోపలే తిష్ట వేసి రోమ్‌కి ఊపిరాడనివ్వని రోజుల్లో. అప్పుడు నాణెం బరువు నాలుగున్నర గ్రాములు. దాని మీద వేసింది గుర్రాల మీద దూసుకెళ్తున్న ఇద్దరు కవలలు, తలల మీద రెండు నక్షత్రాలు. కాస్టర్, పోలక్స్. రెజిలస్ చెరువు దగ్గర యుద్ధంలో ఓడిపోయేట్టున్న రోమన్లకి వాళ్ళే ఎక్కడినుంచో గుర్రాల మీద వచ్చి సాయపడ్డారని రోమన్ల నమ్మకం. ఇల్లు కాలిపోతున్నప్పుడు ఎవరిని పిలుస్తామో ఆ దేవుణ్ణే డబ్బు మీద వేశారు. మన అశ్వినీ దేవతలు గుర్తొస్తారా లేదా?

చంద్రగిరి దారి

నేను ఇక్కడ యూనివర్సిటీలో చరిత్ర ఎంఏ చదువుతున్నాను. పోలికలు చదవడానికి బాగున్నాయి, అశ్వినీ దేవతలకీ ఆ కవలలకీ చుట్టరికం ఉందని పండితులు కూడా అంటారు, ఒప్పుకుంటాను. కానీ లారెస్‌నీ జయవిజయుల్నీ, జూనోనీ గంగమ్మనీ ఒకే గాట కట్టేస్తే రెండువైపులా నష్టమే అన్నా. జయవిజయులు స్వామి వాకిలి దాటరు. లారెస్ అలా కాదు, ప్రతి ఇంట్లో వంటగది పక్కనో నడవాలోనో చిన్న గూడులో ఉండేవారు, భోజనం వేళ వాళ్ళకి ఒక ముద్ద తీసిపెట్టేవారు. క్రీ.శ. 79లో అగ్నిపర్వతం బూడిద కింద పూడిపోయిన పాంపేలో వెట్టీ అనే వాళ్ళ ఇంట్లో ఆ గూడు రంగులతో సహా నిలిచి ఉంది, ఇద్దరు లారెస్ నాట్యం చేస్తూ, మధ్యలో ఇంటి యజమాని తాలూకు దేవత, కింద పెద్ద పాము. అది మన పూజగదికి దగ్గర, గుడి వాకిలికి కాదు.

ఒక్క పోలిక మాత్రం నేనే చెబుతాను, ఎందుకంటే ఇది అక్క అడిగిన దానికి సూటిగా తగులుతుంది. రోమన్ మగపిల్లలకి పుట్టిన కొన్నాళ్ళకే మెడలో బుల్లా అనే గుండ్రటి తాయెత్తు కట్టేవారు, దృష్టి తగలకుండా. పెద్దవాడై మొదటిసారి పెద్దవాళ్ళ బట్ట కట్టుకున్న రోజున ఆ తాయెత్తు తీసి ఇంటి లారెస్ ముందు పెట్టేసేవాడు. అంటే బిడ్డ మెడలో తాయెత్తుకీ లారెస్‌కీ నిజంగానే సంబంధం ఉంది, మీ అవ్వకి అది తెలిసే అవకాశమే లేదు.

ఇక ఈ నాణెం మన నేల మీద ఎప్పటినుంచో ఉండి ఉంటుందా అంటే, నాకు నమ్మకం తక్కువ. దక్షిణాదిలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో చాలా భాగం ఆగస్టస్, టైబీరియస్ చక్రవర్తులవి, అంటే సీసియస్ కంటే నూరేళ్ళ తర్వాతవి. నల్గొండ జిల్లా అక్కన్‌పల్లిలో అలాంటివి వెయ్యికి పైగా ఒక్కచోటే బయటపడ్డాయి. మిరియాలకీ ముత్యాలకీ సన్నబట్టలకీ బదులుగా వచ్చిన డబ్బు అది, ఏటా ఐదు కోట్ల సెస్టెర్సులు ఇండియాకి పోతున్నాయని ప్లినీ అనే రోమన్ రచయిత వాపోయాడు. నాలుగు సెస్టెర్సులైతే ఒక డినేరియస్. క్రీ.శ. 64లో నీరో వెండి నాణెం బరువూ మేలూ తగ్గించాక మనవాళ్ళకి దాని మీద మోజు పోయింది, తర్వాత వచ్చింది ఎక్కువగా బంగారమే. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు దున్నుతుంటే పాత గుడి ఇటుకల మధ్య కుండలో దొరికినవి కూడా బంగారు రోమన్ నాణేలే. సీసియస్ కాలపు నాణేలు ఇక్కడ దొరకడం బాగా అరుదు.

మెడలో వేసుకోవడం మాత్రం కొత్త కాదు. ఇక్కడ దొరికిన రోమన్ నాణేల్లో బెజ్జం పెట్టినవి చాలా ఉన్నాయి, కొండాపూర్ లాంటి శాతవాహనుల చోట్లలో రోమన్ నాణేన్ని చూసి మట్టితో చేసిన బిళ్ళలు కూడా దొరికాయి, దారానికి కట్టుకోవడానికి. కాసులపేరు వేసుకునే జాతి కదా మనది.

మన చంద్రగిరి సంగతి కూడా రాస్తే గానీ తృప్తి ఉండదు. 1586 నుంచి 1614 దాకా ఏలిన విజయనగర రాజు వేంకటపతిరాయలు తన బంగారు వరహా మీద నిలుచున్న వేంకటేశ్వరస్వామిని వేయించి, వెనక శ్రీ వేంకటేశ్వరాయ నమః అని నాగరి లిపిలో రాయించాడు. రాజ్యం ముక్కలవుతున్న రోజులవి, రాజధాని పెనుకొండ నుంచి చంద్రగిరికి జరిగింది. హానిబాల్ మీద పడ్డప్పుడు రోమ్ చేసిన పనే ఇదీ. పోలిక వద్దన్న నేనే చేశాను గానీ ఇది దేవుళ్ళ పోలిక కాదు, భయపడ్డ రాజ్యాల పోలిక.

చిత్తూరు కచేరీ

చట్టం సంగతి క్లుప్తంగా. పొలంలోనో పునాది తవ్వుతుంటేనో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కి తెలియజేయాలి, 1878 నాటి చట్టం ఇంకా అమల్లో ఉంది. మీది తాతగారు కొన్నది, వంశపారంపర్యంగా వచ్చింది, దానికి ఆ చట్టం వర్తించదు. అయితే నిజంగా నూరేళ్ళు దాటిన నాణెమైతే 1972 పురావస్తు చట్టం ప్రకారం దేశం బయటికి పంపకూడదు. తమ్ముడికి ఫారిన్ నుంచి ఎవరైనా పెద్ద రేటు ఆశ చూపితే జాగ్రత్త.

కోనేటికట్ట

అందరికీ చాలా థాంక్స్. నాలుగు రోజులు పట్టింది, ఇవాళ రాస్తున్నాను.

డాలర్ అదే రోజు పాప మెడలోంచి తీసేశాను. రెండు రోజులకే ఎరుపు తగ్గిపోయింది.

గీటురాయి అన్న చెప్పినట్టు మాకు తెలిసిన ఒక పెద్దాయన దగ్గరికి అమ్మా నేనూ వెళ్ళాం. ఆయన కంటికి అద్దం పెట్టుకుని అంచు తిప్పుతూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అద్దం నా చేతికిచ్చి చూడమన్నారు. చుట్టూ సన్న గీత, రింగు ఉన్న చోట తప్ప ఎక్కడా తెగలేదు. అక్షరాల మూలలు కూడా కరిగినట్టు మెత్తగా ఉన్నాయి, కుర్రవాడి జుట్టులో సూదిమొనంత గుంటలు. తూకం రింగుతో కలిపి 4.60 గ్రాములు, నీళ్ళలో 4.06. తేడా 0.54, భాగిస్తే 8.5 వచ్చింది. జర్మన్ సిల్వరమ్మా అన్నారాయన. పక్కల లా, ప్రే గుర్తులు మాత్రం అద్దంలో కనిపించాయి, రెండూ ఉన్నాయి.

తమ్ముడు రెండు రోజులు డల్‌గా ఉన్నాడు. బొమ్మాబొరుసు అన్నా, వాడి తరఫున ఒక డౌటు. పాతకాలంలోనే రాగి మీద వెండి పూసిన దొంగవి ఉండేవని మీరు రాశారు కదా, దానికీ తూకం తక్కువే వస్తుంది కదా, ఇది అదేమో అంటాడు.

బొమ్మాబొరుసు

మంచి ప్రశ్న అడిగాడు, వాడికి నాణేల మీద ఆసక్తి ఉంది, వదలొద్దని చెప్పండి. పాతకాలం పూతవాటికి తూకం తక్కువే వస్తుంది, నిజం. కానీ అవి కూడా సుత్తితో కొట్టినవే, వాటికి అంచు చుట్టూ గీత ఉండదు. పైగా పూత లేచిన చోట లోపలి రాగి ఎర్రగానో పచ్చగానో కనబడుతుంది. మీదాంట్లో గీతా ఉంది, సూదిగుంటలూ ఉన్నాయి, రెండూ పోతపోసినదానికే ఉంటాయి. ఇది నకలే. ఏదో ఒక అసలు నాణేన్ని అచ్చు తీసి పోసింది, అందుకే లా, ప్రే గుర్తులు కూడా వచ్చాయి. అసలుదాని బరువు రింగు లేకుండా 3.9 గ్రాముల దగ్గర ఉంటుంది, మీ డాలర్‌లో రింగు బరువు తీసేస్తే అంతే ఉండేదేమో, అందుకే బరువొక్కటీ చూసి నమ్మకూడదని మొదట్నుంచీ నా గోల.

ఒక్కటి మాత్రం నాకు ఇంకా అంతుపట్టలేదు. మామూలుగా అరుగుదల ఎత్తుగా ఉన్నచోట మొదలవుతుంది, ఈ బొమ్మలో అది ఆ ఇద్దరి మోకాళ్ళు, పైన వల్కన్ తల. మీదాంట్లో అవి బానే ఉండి మధ్యలో పల్లంలో ఉన్న కుక్క నున్నగా అయిపోయిందన్నారు. ఎలా?

గీటురాయి

పాపకి కావాలంటే మేలు వెండితో పలచగా ఒక బిళ్ళ చేయించండి అక్కా, అదే బొమ్మ చేత్తో చెక్కేవాళ్ళు ఇంకా ఇద్దరు ముగ్గురు ఉన్నారు. పాతది నీళ్ళూ సబ్బూ తగలకుండా మెత్తటి గుడ్డలో చుట్టి పెట్టండి.

కోనేటికట్ట

చేయిస్తున్నాం అన్నా, అమ్మ ఒప్పుకుంది. కుక్క కూడా ఉండాలని ఆచారిగారికి రెండుసార్లు చెప్పింది. పాతదాన్ని పుత్తూరు అక్క చెప్పినట్టు ఊయల పైన కొక్కేనికి కట్టాం.

బొమ్మాబొరుసు అన్నా, మీ ప్రశ్న అమ్మకి చదివి వినిపించాను. కుక్క గురించి ఓవిడ్ చెప్పిన మాటలు కూడా మళ్ళీ చదవమంది, రెండుసార్లు చదివాను. తర్వాత చెప్పింది. అవ్వ మమ్మల్ని ఒళ్ళో వేసుకుని నిద్రపుచ్చేటప్పుడు మెడలోని డాలర్ పట్టుకుని, "ఇదిగో మన కుక్క, ఇది మేలుకునే ఉంది, నువ్వు పడుకో" అంటూ దాని మీద మా బొటనవేలు పెట్టి రుద్దించేదట. అమ్మని, పిన్నిని, మమ్మల్ని, పిన్ని పిల్లల్ని, అందరినీ అలాగే. నాకు గుర్తు లేదు. తమ్ముడు మాత్రం డాలర్ చేతిలోకి తీసుకుని బొటనవేలు పెట్టి చూశాడు, సరిగ్గా ఆ పల్లంలో కూర్చుంది.